అతుకుల మీద కుట్లు: కుట్టు విభాగం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ఎన్ని బ్లౌజులకు వర్క్ చేశాం, ఎన్ని కుషన్ కవర్లు పూర్తిచేశాం అని లెక్క చెబుతూ వచ్చాం. ఈసారి ఆ లెక్క చాలా చిన్నది. పూర్తయిన బొంత ఒక్కటే, అదీ పసిపిల్లల ఉయ్యాలలో పరిచేంత. మిగతా కాలమంతా కుట్టి విప్పడం, విప్పి కుట్టడంతోనే గడిచింది. వస్తువులు తయారుచేయాలన్న తొందర ఒక ఏడాది పక్కనపెట్టి, క్రేజీ క్విల్ట్ మీద వేసే చేతికుట్లను ప్రయోగాలు చేస్తూ నేర్చుకుందామని నిరుటి సర్వసభ్య సమావేశంలో మీరందరూ ఒప్పుకున్నారు. ఆ మాట మీదే నిలబడ్డాం.

కొత్తగా చేరినవారి కోసం నాలుగు ముక్కలు. మామూలు ప్యాచ్‌వర్క్‌లో గుడ్డముక్కలన్నీ కొలత ప్రకారం కత్తిరిస్తారు. క్రేజీ క్విల్ట్‌లో ఆ కొలత ఉండదు. పట్టు, వెల్వెట్, సాటిన్ ఏది దొరికితే అది, ఏ ఆకారంలో ఉంటే అలాగే అడుగుగుడ్డ మీద పేర్చి, ప్రతి అతుకు మీదా రంగుదారంతో ఒక అలంకారపు కుట్టు వేస్తారు. 1880ల్లో అమెరికాలో, బ్రిటన్‌లో ఆడవాళ్లకు ఇదొక పెద్ద మోజు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రదర్శనలో జపాన్ వస్తువుల మీది, రెండు పక్కలా ఒకేలా ఉండని డిజైన్లు చూసి అమెరికన్లు ముచ్చటపడ్డారని, లండన్‌లోని రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ అక్కడే పెట్టిన పనితనం చూసి చాలామందికి సూది మీద మనసు మళ్లిందని చెబుతారు. ఆ బొంతలు ఎక్కువగా కప్పుకోవడానికి కాదు, ముందుగదిలో పరిచి చూపడానికి. అందుకే చాలావాటిలో దూది పెట్టలేదు. ఏదో ఒక మూల సాలెగూడు కుట్టడం అదృష్టమని వాళ్ల నమ్మకం. మన బొంతలో ఆ చోట మెలికల ముగ్గు కుట్టాం.

మనకు ముక్కలకు కొదవ లేదు. బ్లౌజులు కత్తిరించగా మిగిలిన పేలికలను చుట్టుపక్కల టైలర్లు సంచుల కొద్దీ ఇచ్చారు. ధర్మవరం పట్టు, ఉప్పాడ, పోచంపల్లి ఇక్కత్, మంగళగిరి నూలు, అన్నీ ఉన్నాయి. వాటిలో గద్వాల చీర ముక్క ఒకటి చేతికి వచ్చినప్పుడు అందరం కాసేపు ఆగిపోయాం. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ నేతలోనే కలుపుతారు. కలిపిన చోటు దాచరు. అదే ఆ చీరకు అందం. మనం మాత్రం ‘అతుకుల బొంత’ అనే మాటను ఒకదాన్ని తీసిపారేయడానికి వాడుతుంటాం. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

పని ఇలా మొదలుపెట్టాం. కోరాగుడ్డను ఉతికి, ముడుచుకోవాల్సిందంతా ముడుచుకున్నాక, పన్నెండు అంగుళాల చదరాలుగా కత్తిరించాం. మధ్యలో ఐదు మూలల ముక్క ఒకటి. దాని ఒక అంచు మీద రెండో ముక్కను బోర్లించి, కుట్టి, తిప్పి ఇస్త్రీ చేయడం. అలా చుట్టూ పెంచుకుంటూ పోతే అడుగుగుడ్డ మొత్తం నిండుతుంది. ఈ పని రెండు శనివారాల్లో అందరికీ వచ్చేసింది. అసలు పని ఆ తర్వాతే.

కుట్లు చాలా ఉన్నా నాలుగే తీసుకున్నాం: హెరింగ్‌బోన్ (దారాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ పోయే కుట్టు), ఫెదర్ స్టిచ్, కాజా కుట్టు, గొలుసు కుట్టు. నియమం ఒక్కటే. ఒకసారికి ఒక్క సంగతే మార్చాలి. ఎడం మారిస్తే దారం మార్చకూడదు, దారం మారిస్తే కుట్టు ఎత్తు మార్చకూడదు. మొదట్లో ఇది కొందరికి విసుగనిపించింది. నెల తిరిగేసరికి ఆ విసుగు పోయింది, ఎందుకంటే తేడా దేనివల్ల వచ్చిందో కళ్లముందే కనబడసాగింది.

ఫెదర్ స్టిచ్ సంగతే చూడండి. కనబడని రెండు గీతల మధ్య పైనుంచి కిందికి దిగే కుట్టు ఇది. సూది పైకి తీసి, దారాన్ని ఎడమ బొటనవేలితో నొక్కిపట్టి, కాస్త పక్కన గుచ్చి, ఆ దారం వంపులోంచి సూది బయటికి లాగితే చిన్న కొమ్మ పడుతుంది. కుడికి ఒకటి, ఎడమకి ఒకటి వేసుకుంటూ పోతే తీగ. కుడికి మూడు, ఎడమకి మూడు వేస్తే అదే తీగ మెలికలు తిరుగుతుంది. కొసల్లో లేజీ డైజీ (రేకులాంటి చిన్న ఉచ్చు కుట్టు) వేస్తే కరివేపాకు రెమ్మ, ఫ్రెంచ్ నాట్ (దారం చుట్టి వేసే చిన్న ముడి) వేస్తే మొగ్గలు. దారం కొంచెం బిగించి లాగితే మాత్రం పట్టు ముడతలు పడుతుంది. ఎంత ఇస్త్రీ చేసినా అవి పోవు. బొటనవేలు ఎప్పుడు వదలాలో తెలియడమే ఈ కుట్టులో విద్య అంతా. అది చెబితే రాదు. నాకు పదిహేనో అతుకు దగ్గర వచ్చింది.

హెరింగ్‌బోన్‌లో కచ్ వర్క్ చేసే అలవాటున్నవాళ్లు ముందుకెళ్లిపోయారు. ఆ వర్క్‌కి పునాది ఈ కుట్టే కదా. వాళ్లు చూపించాకే మిగతావాళ్లం ఎడం పెద్దగా వదిలి, ఆ అడ్డదారాల మధ్యలోంచి రెండో రంగు దారాన్ని గుడ్డకు తగలకుండా పైనా కిందా అల్లడం నేర్చుకున్నాం. పసుపు మీద మెరూన్ అల్లిన అతుకు దగ్గర ఎవరికి వాళ్లే ఆగి వేలితో తడిమారు. కాజా కుట్టులో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వేస్తూ మూడుసార్లు మారిస్తే తాటాకు విసనకర్రలాంటి ఆకారం వచ్చింది. అది మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, మన పద్దెనిమిదేళ్ల సభ్యురాలి చేతిలో పుట్టింది.

దారాల విషయంలో తేలిన సంగతులు. మామూలు ఎంబ్రాయిడరీ దారం ఎనిమిది మీటర్ల చుట్ట, అందులో ఆరు పోగులుంటాయి. పల్చటి పట్టు మీద రెండు పోగులే బాగుంటాయి, రా సిల్క్ మీద అవి కనబడవు. అక్కడ మెలితిరిగిన పెర్ల్ కాటన్ ఎనిమిదో నంబరు వేస్తే కుట్టు గుడ్డ మీద లేచి నిలబడింది. జరీదారాన్ని సూదిలో ఎక్కించి గుడ్డలోంచి పదేపదే లాగితే పొరలు లేచి తెగిపోతుంది. దాన్ని పైన పరిచి, సన్నటి నూలు దారంతో అక్కడక్కడా దాన్ని పట్టి ఉంచేలా చిన్న కుట్లు వేయడమే దారి.

పొరపాట్లు కూడా చెప్పాలి, మళ్లీ ఎవరూ చేయకుండా. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు అతుకు పొడవునా నీటితో పోయే పెన్నుతో చుక్కలు పెట్టుకున్నాం. ఎడం సమంగా రావడానికి అది మంచి పద్ధతే. కానీ చుక్కలు తడిపి చెరపకుండా ఇస్త్రీ చేశాం. వేడికి ఆ నీలం అక్కడే ఉండిపోయింది. రెండోది ఇంకా బాధ. ఒక ఎర్ర పట్టుముక్క రంగు ముందే పరీక్షించలేదు. మూడు నెలలు కుట్టిన చదరాన్ని తడిపేసరికి ఎరుపు దిగి పక్కనున్న తెల్ల మంగళగిరి అంతా పాకింది. అది కుట్టిన పిన్నిగారు ఒక్క మాట అనలేదు, ఆ రోజు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. తర్వాతి శనివారం ఆవిడే తడి తెల్లగుడ్డతో ప్రతి ముక్కనూ రుద్ది చూసే పని తన చేతిలోకి తీసుకున్నారు. ఇప్పుడు ఆవిడ చూడని ముక్క సంచిలోకి వెళ్లదు.

అమెరికాలోని ఆ పాత క్రేజీ క్విల్టులు ఇప్పుడు చాలాచోట్ల పట్టు చీలికలై రాలిపోతున్నాయి. బరువు తేవడానికి ఆ రోజుల్లో పట్టుకు తగరం లవణాలు పట్టించేవారు, అవే దాన్ని తినేశాయి. ఇది తెలిశాక మడత దగ్గర చిట్లుతున్న పాత పట్టుచీరలను ఎంత ముద్దుగా ఉన్నా వాడకూడదని నిర్ణయించాం. పైన ఎంత కుట్టు వేసినా కింద గుడ్డ నిలవకపోతే ఏం లాభం?

డెబ్బై దాటిన మన పెద్దమ్మగారు ఒక పూటంతా బొంత కుట్టడం చూపించారు. పాత నూలుచీరలు నాలుగు పొరలు పరిచి, అంచు పట్టుకుని లోపలికి, వరస వెనుక వరసగా దూసుకుంటూ పోయారు. స్కేలు లేదు, చుక్కలు లేవు. పక్కన కూర్చుని కొలిచి చూస్తే వరసకూ వరసకూ మధ్య వేలెడంత ఎడం, ఎక్కడా తేడా లేదు. తానింతకాలం కుట్టింది కూడా ఒక విద్యేనని ఎవరూ అనలేదని చెప్పి కళ్లు తుడుచుకున్నారు. మన ఉయ్యాల బొంతకు అడుగుపొర ఆవిడ చీరే.

ఈ ఏటి అసలు ఆస్తి ‘కుట్ల పుస్తకం’. కోరాగుడ్డ పేజీలు ఇరవై రెండు. పేజీకో కుట్టు, పక్కనే ఎన్ని పోగులు, ఏ గుడ్డ, ఎంత ఎడం అన్నది నల్లదారంతో కాడకుట్టులో రాసి ఉంది. బాగా రాని కుట్లు కూడా అందులో ఉంచాం. సంక్రాంతికి కమ్యూనిటీ హాల్లో పెట్టిన ప్రదర్శనలో బొంత కన్నా దీని దగ్గరే ఎక్కువమంది నిలబడ్డారు.

తరగతుల వేళ కూడా మారింది. ట్యూబులైటు కింద మెరూన్‌కీ గోధుమరంగుకీ తేడా తెలియక దారాలు తారుమారవుతుంటే సాయంత్రం బదులు మధ్యాహ్నం మూడింటికి మార్చాం. ఇంటి పనులతో ఆ వేళకు రాలేని సభ్యులు కొందరు దూరమయ్యారు. వాళ్ల కోసం ఆదివారం ఉదయం ఒక తరగతి పెట్టాలని కమిటీని కోరుతున్నాను.

ఖర్చు దారాలకు, సూదులకు, కోరాగుడ్డకే అయింది. జమాఖర్చుల పత్రం కోశాధికారి గారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు.

వచ్చే ఏడాదికి పెద్ద బొంత అనుకుంటున్నాం, సభ్యురాలికి ఒక చదరం. ముక్కలు తెచ్చేవారు దయచేసి ఉతికి, ఇస్త్రీ చేసి తెండి. పిన్నిగారు శనివారం రెండున్నరకే హాల్లో ఉంటారు. ఎర్రవి ఉంటే ముందు ఆవిడకే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి, కుట్టు విభాగం