ఫ్రిదా బట్టల వెనక ఉన్న మనిషి

సంపాదకులకు నమస్కారం.

మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాహ్లో అనగానే తలలో పూలు, కలిసిన కనుబొమలు, రంగురంగుల బట్టలు గుర్తొస్తాయి. మన ఫ్యాషన్ పేజీలు అక్కడే ఆగిపోవడం నాకు బాధగా ఉంది.

ఆరేళ్లప్పుడు వచ్చిన పోలియోతో ఆమె కుడికాలు సన్నబడింది. 1925లో ఆమె ఎక్కిన బస్సును ట్రామ్ ఢీకొని వెన్నెముక విరిగింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. మంచం మీద నుంచి కదల్లేని ఆ రోజుల్లోనే, పైన బిగించిన అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ తానే వేసుకుంది. మెక్సికోలోని తెహువాన్‌తెపెక్ ప్రాంతపు స్త్రీలు కట్టే పొడవాటి పరికిణీ ఆ సన్నబడిన కాలిని కప్పింది. వదులు రవిక నడుముకున్న ప్లాస్టర్ కవచాన్ని కప్పింది. అయితే దాచుకోవడం ఒక్కటే కాదు, ఇవి మా నేల బట్టలు అని గర్వంగా చెప్పడం కూడా అందులో ఉంది. ఆ కవచాల మీద కూడా ఆమె బొమ్మలు వేసింది!

1954లో ఆమె చనిపోయాక మూసేసిన గదిలోని బట్టలు 2004లో గానీ బయటికి రాలేదు. జాన్ పాల్ గోతియే వంటి డిజైనర్లు అంతకుముందే ఆమె నుంచి స్ఫూర్తి పొందారు. అందులో తప్పేమీ లేదు. కానీ 2018లో వచ్చిన బార్బీ బొమ్మకు ఆ కనుబొమలనే పలచన చేశారు. అది మాత్రం అన్యాయం.

మీ ఆదివారం అనుబంధంలో ఈసారి ఆమె బట్టల ఫోటోల పక్కన 'ఇద్దరు ఫ్రిదాలు', 'విరిగిన స్తంభం' చిత్రాలు కూడా పెద్దవిగా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ