ఆ ఫోటోలో ఉన్నది ఫారం కోడి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో అమెరికాలో టర్కీ కోళ్ల వేట గురించి చిన్న ముక్క వేశారు, ఏప్రిల్ రాగానే అక్కడోళ్లు తుపాకులేసుకుని ఎప్పుడు పడితే అప్పుడు సరదాకి కోళ్లని కాల్చేస్తారని, పక్కన ఒక టర్కీ ఫోటో కూడా పెట్టారు. నేను మిస్సోరిలో ఉంటా, ఏడు సీజన్ల నుంచి అడవికి వెళ్తున్నా, ఇప్పటికి కొట్టింది ఒక్కటంటే ఒక్క పుంజు. అంత ఈజీ అయితే మా ఆవిడ చేత ఇన్ని మాటలెందుకు పడతాను చెప్పండి. "రాత్రి మూడింటికి లేచి ఖాళీ చేతుల్తో రావడమేంటండీ, ఆ టైంలో గుడికెళ్లినా పుణ్యమొచ్చేది" అంటుంది.

అసలు కష్టం ఎక్కడంటే, మామూలుగా పుంజు ఉన్నచోటే ఉండి అరుస్తుంది, పెట్టే దాన్ని వెతుక్కుంటూ వెళ్తుంది. మనం దాన్ని తిరగేసి, పెట్టలా కూసి పుంజునే మన దగ్గరికి రప్పించాలి. చిన్నప్పుడు మా కనిగిరి వైపు కౌజు పిట్టలు పట్టేవాళ్లు పంజరంలో దీమం పిట్టని, అంటే ఎర పిట్టని, పెట్టి కూయించేవాళ్లు (ఇప్పుడది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు, ఎవరూ ట్రై చెయ్యకండి), ఇక్కడ ఆ దీమం పిట్ట మనమే అన్నమాట. చేతిలో పలక ముక్క, దాని మీద గీసే పుల్ల, అంతే సామాను, గీస్తే పెట్ట కూసినట్టు వినిపిస్తుంది. గీత కొంచెం తేడా కొట్టిందా పుంజు నోరు మూసేస్తుంది, ఇక ఆ పొద్దుకి ఇంటికే.

పోయినేడాది ఇక్కడి ఓజార్క్ కొండల్లో ఇంకా చీకటుండగానే ఓక్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నా, ఎక్కడో గుడ్లగూబ అరిచింది, దానికి ఉలిక్కిపడి కొమ్మ మీదున్న పుంజు గళగళమని జవాబిచ్చింది, దానికదో జబ్బు, ఉరుముకీ కారు డోరు చప్పుడుకీ కూడా అరుస్తుంది. రెండుసార్లు మెల్లగా గీశా. కిందికి దిగి నడుచుకుంటూ వచ్చి అరవై గజాల్లో ఆగిపోయి నెమలిలాగా పురి విప్పింది, తల ఎరుపు, తెలుపు, నీలం కలిసి మెరుస్తోంది (వేటకెళ్లేవాళ్లు ఆ మూడు రంగులూ వేసుకోవద్దనేది అందుకే, ఇంకో వేటగాడు మనల్నే పుంజనుకుంటాడు). నలభై గజాల్లోపు వస్తేగానీ కాల్చకూడదు, దూరం నుంచి కాలిస్తే గాయంతో పోయి ఎక్కడో చస్తుంది. నా మెడ మీద పిడుదు పాకుతోంది, కాలు తిమ్మిరెక్కి నాదో కాదో తెలీట్లా, కదులుదామంటే దానికి దాదాపు చుట్టూరా కనబడుతుంది. పావుగంట అది కదల్లేదు, నేనూ కదల్లేదు. ఈలోపు పొదల్లోంచి నిజం పెట్ట ఒకటి వచ్చి నా కళ్లముందే దాన్ని వెంటేసుకుని గట్టు దిగి పోయింది. కోపం కూడా రాలేదండి, నవ్వొచ్చింది. డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా విరగబూసున్నాయి, వాటిని చూడ్డానికే వచ్చాలే అని చెప్పుకున్నా, సగం నిజమే అది.

ఇక ఎప్పుడు పడితే అప్పుడు కాల్చేస్తారన్న మాట. సీజన్ మూడు వారాలు, మనిషికి రెండే పక్షులు, అందులో మొదటి వారం ఒకటే. అదీ పుంజుల్ని మాత్రమే, లేదా రొమ్ము మీద గడ్డంలాగా వేలాడే వెంట్రుకలున్నవాటిని, ఎప్పుడో ఒక పెట్టకి కూడా ఆ గడ్డం ఉంటుంది. మిగతా పెట్టలు ఆ రోజుల్లో గుడ్లు పెట్టి పొదుగుతుంటాయి కాబట్టి ముట్టుకోకూడదు. నేను వెళ్లే గవర్నమెంటు అడవిలో మధ్యాహ్నం ఒంటిగంటకి బంద్. కొట్టింది అదే రోజు రాత్రి పదిలోపు రిపోర్ట్ చెయ్యాలి.

మనవాళ్లు చాలామంది అడుగుతారు కాబట్టి ఇదొకటి. హెచ్‌వన్‌బీ వీసా మీదున్నవాళ్లు తుపాకీ పట్టకూడదని ఫెడరల్ చట్టం, చెల్లే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, కానీ ఫ్రెండు మాట నమ్మి వెళ్లకుండా లాయర్ని అడగండి. నేనైతే గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా రెండు సీజన్లు ఉత్త చేతుల్తో పక్కింటి పెద్దాయన వెనక కూర్చుని చూశా. గీయడం, కూర్చోవడం, నోరు మూసుకోవడం అప్పుడే నేర్చుకున్నా, మూడోది ఇంకా పూర్తిగా రాలేదు.

చివరిగా ఆ ఫోటో. ఇక్కడ 1950ల మొదట్లో రాష్ట్రం మొత్తం మీద అడవి టర్కీలు 2,500 కూడా లేవు. అంతకుముందు ఫారంలో పెంచినవాటిని వేలకొద్దీ అడవిలో వదిలి చూశారు, నక్కలకి మేతయ్యాయి తప్ప నిలవలేదు. తర్వాత అసలు అడవి పక్షుల్నే వలేసి పట్టి వేరే జిల్లాల్లో వదిలితే అప్పుడు పెరిగాయి, 1960లో గానీ మళ్లీ వేట మొదలుపెట్టలేదు. మీరు వేసిన ఫోటోలోది తెల్లగా లావుగా ఉంది, అది సూపర్‌మార్కెట్‌కెళ్లే ఫారం కోడి, దానికి సరిగ్గా ఎగరడం కూడా రాదు. అడవిది నల్లగా ఉంటుంది, ఎండ పడితే రాగి రంగులో మెరుస్తుంది. ఈసారి అది వేయండి, కావాలంటే నా ఫోన్లోది పంపిస్తా, కొంచెం బ్లర్ అయింది, చెయ్యి వణికింది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, మిస్సోరి