మన నాటక సమాజం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

నెలవారీ పద్యపఠనం, పిల్లల వేసవి శిక్షణ, మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవ సభ ఎప్పటిలాగే జరిగాయి. వివరాలు మినిట్స్ పుస్తకంలో చూడవచ్చు.

ఈ ఏడాది మన సమాజం తలెత్తుకునేలా చేసింది ఏప్రిల్ 16న, కందుకూరి జయంతి నాడు, మన సభ్యురాలు ప్రదర్శించిన 50 నిమిషాల ఏకపాత్రాభినయం. రంగం మీద గోంగూర పచ్చడి చేస్తూనే ‘మన తిండి’ అంటే ఏమిటో ఆ పాత్ర తనను తాను అడుక్కుంటుంది. మిరప అమెరికా ఖండపు పంట, పోర్చుగీసు ఓడల్లో మనకు చేరింది. అంతకుముందు మన కారం మిరియాలదే. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడు చాటువు చెప్పిన నాటికి ఈ నేలలో మిరప మొక్కే లేదు. ఆ మాట వచ్చినప్పుడు ముందు వరసలోని మిర్చి యార్డు వర్తకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ‘ఎక్కడి కాయైతేనేం, నూరింది మా అమ్మమ్మ’ అనగానే చప్పట్లు మొదలుపెట్టిందీ వారే.

మళ్లీ వేసేవారికి పనికొస్తుందని రిహార్సల్ అనుభవాలు రాస్తున్నాం. హాల్లో గ్యాస్ బండకు అనుమతి లేదు. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్‌ను దీపాల లైనుకే కలిపితే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోయింది. 15 ఆంపియర్ల లైను వేరుగా వేయించాం. ఇత్తడి గిన్నె ఆ స్టవ్ మీద వేడెక్కదు. ఇనప మూకుడులో గోంగూర పులుపుకి పచ్చడి నల్లబడి కనరెక్కింది. చివరికి అడుగు చదునుగా ఉన్న స్టీలు గిన్నె సరిపోయింది. అరకిలో ఆకును ముందురోజే కడిగి నీడన గుడ్డ మీద ఆరబెట్టాలి. తడి ఉంటే నూనె చిట్లుతుంది, మగ్గడం ఆలస్యమై మాటలు ముందే అయిపోతాయి. ఎండుమిర్చి తుంచి వేయించిన రోజు గింజలు మాడి, ఆ ఘాటుకు నటి గొంతే పట్టేసింది. అందుకే 20 కాయలూ తొడిమలతోనే ఇంట్లో వేయించి తెచ్చాం. రంగం మీద వేసింది వెల్లుల్లి, ఇంగువ తాలింపే. రోలు కింద నాలుగు మడతల గోనెసంచి వేయకపోతే చెక్క స్టేజీ మోగి మాట వినపడదు.

ప్రదర్శన అయ్యాక 150 మందికి వేడన్నంలో ముద్ద పచ్చడి పెట్టాం. 5 కిలోల బియ్యం సరిగ్గా సరిపోయాయి. ఆ పచ్చడి ముందురోజు విడిగా చేయించినది.

మిరపకాయలు ఇచ్చి పేరు వద్దన్న వర్తక మిత్రులకు, కూలి తీసుకోని బ్రాడీపేట వంటమేస్త్రికి, తెర లాగడం నుంచి గిన్నెలు తోమడం దాకా నిలబడిన ముగ్గురు కుర్రవాళ్లకు సమాజం రుణపడి ఉంది. వస్తామని పేర్లు రాయించుకున్నవారు పదకొండు మంది. మిగతా ఎనిమిది మందీ ఫోనైనా చేయలేదు. ఇది రాయక తప్పడం లేదు. సాయం కోరుతూ ఒక ప్రభుత్వ కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టాం. అందినట్టు రసీదు కూడా రాలేదు.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి. ఆడిటరు సంతకం అయింది. స్టవ్ లైను ఖర్చు ‘ఇతరములు’లో చూపాం.

తెనాలి మిత్రులు ఇదే ప్రదర్శన అడుగుతున్నారు. రోలు ఎత్తి వ్యానెక్కించడానికి ఇద్దరు, ఆకు వలవడానికి నలుగురు కావాలి. రాగలవారే ఈ సమావేశం ముగిసేలోగా పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి