ఒకే బాడీ అయినంత మాత్రాన ఒకే కారు కాదు: 1959 నమూనా కార్ల సెట్టుపై ఫిర్యాదు

మేనేజరు గారికి,
వినియోగదారుల సేవా విభాగం.

విషయం: 1959 నాటి అయిదు అమెరికన్ కార్ల డై-కాస్ట్ (అచ్చులో పోసిన లోహపు నమూనాల) సెట్టులో లోపాలు, పూర్తి సొమ్ము వాపసు.

అయ్యా,

మీ సంస్థ అమ్ముతున్న, 1959 నాటి అయిదు జనరల్ మోటార్స్ కార్ల (షెవ్రొలె, పాంటియాక్, ఓల్డ్స్‌మొబిల్, బ్యూక్, కాడిలాక్) నమూనా సెట్టును హైదరాబాదులోని మీ దుకాణంలో కొన్నాను. అయిదు కార్లనూ వేర్వేరు అచ్చుల్లో పోశామనీ, ప్రతి కొలతా అసలు కారులో 43వ వంతు ఉంటుందనీ పెట్టె మీద ముద్రించారు. లోపల ఉన్నవి మాత్రం పేర్లూ రంగులూ మార్చిన అయిదు బ్యూక్‌లు. ఈ సంగతి మీ విభాగానికి రాస్తే, ఆ ఏడాది ఆ కంపెనీ అయిదు బ్రాండ్లకూ ఒకే బాడీ వాడింది కనుక నమూనాల్లో తప్పేమీ లేదని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. అందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని అడ్డుపెట్టుకొని మిగతా సగాన్ని దాటవేస్తున్నారు కాబట్టి కొంత వివరంగా రాయక తప్పడం లేదు.

క్రైస్లర్ సంస్థ 1957 మోడళ్లు పల్చటి పైకప్పుతో, ఎత్తయిన తోకరెక్కలతో రావడం చూసి, జనరల్ మోటార్స్ డిజైనర్లు 1959 కోసం తాము అప్పటికే గీసిపెట్టుకున్నవాటిని పక్కన పడేసి పని మళ్లీ మొదలుపెట్టారు. ఆ కొత్త ఏర్పాటులో షెవ్రొలె నుంచి కాడిలాక్ దాకా అయిదు విభాగాలూ, కంపెనీకి కారు బాడీలు తయారుచేసే ఫిషర్ బాడీ వారి ఉమ్మడి నిర్మాణాన్ని పంచుకున్నాయి. ముందు తలుపుల చట్రం బ్యూక్ కోసం రూపొందినదే అందరికీ సరిపెట్టారు. నాలుగు తలుపుల హార్డ్‌టాప్‌లలో (పక్క కిటికీల మధ్య నిలువు స్తంభం లేని కార్లలో) కనిపించే బల్లపరుపు కప్పు, మూలల దాకా చుట్టుకుపోయే వెనక అద్దం, ఆ అద్దం మీదికి చూరులా పొడుచుకొచ్చే కప్పు అంచు అయిదు బ్రాండ్లలోనూ ఉన్నాయి. మీ నమూనాల్లో ఈ భాగం చాలా నాజూకుగా వచ్చిందని ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

అయితే ఆ పంపకంలోని కిటుకంతా మీరు వదిలేసిన చోటే ఉంది. కొనేవాడి దృష్టి అంతగా నిలవని భాగాలను ఉమ్మడిగా చేయించి, అక్కడ మిగిలిన ఖర్చుతో కంటికి కొట్టొచ్చినట్టు కనబడే ఫెండర్లనూ (చక్రాల మీది రేకులు), గ్రిల్‌నూ (ముందు జాలీ), తోకరెక్కలనూ ఏ బ్రాండుకు ఆ బ్రాండు వేరుగా తీర్చిదిద్దుకున్నాయి. బ్యూక్ హెడ్‌లైట్లు ఏటవాలుగా ఉంటాయి. షెవ్రొలెవి అడ్డంగా, ఒకే వరుసలో ఉంటాయి. మీ షెవ్రొలెకు ఏటవాలు హెడ్‌లైట్లే పెట్టారు. దాని వెనక రెక్కలు దాదాపు నేలకు సమాంతరంగా పరుచుకొని, వాటి కింద కన్నీటి బొట్టు ఆకారపు దీపాలు ఉండాలి. మీరు బ్యూక్ గుండ్రటి దీపాల మీద ఎర్రరంగు అద్ది ఊరుకున్నారు. పాంటియాక్‌కు పక్కకు రెండేసి చిన్న రెక్కలుండాలి, ఒక్కొక్కటే ఉంది. ఇక కాడిలాక్ సంగతి చెప్పనే అక్కర్లేదు: ఆ రెక్కల ఎత్తు కోసమే ఈ సెట్టు కొనేవాళ్లుంటారు, ఒక్కో రెక్క మీద జంట దీపాలు లేని 1959 కాడిలాక్‌ను నేనింతవరకు ఏ ఫొటోలోనూ చూడలేదు.

కొలతల విషయానికి వస్తే, వెర్నియర్ కాలిపర్స్‌తో చూసినప్పుడు అయిదింటికీ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల కేంద్రాల మధ్య దూరం) 72.7 మి.మీ. వచ్చింది. ఇది 123 అంగుళాల బ్యూక్ లెసేబర్‌కూ, ఓల్డ్స్‌మొబిల్ 88కీ సరిపోతుంది, గుడ్డిలో మెల్ల. షెవ్రొలె వీల్‌బేస్ 119 అంగుళాలు, అంటే నమూనాలో 70.3 మి.మీ.; కాడిలాక్‌ది 130 అంగుళాలు, అంటే 76.8 మి.మీ. నాలుగు మిల్లీమీటర్లకు పైగా కుదించిన కాడిలాక్ అరలో షెవ్రొలె పక్కన పెడితే ఏది ఏదో పేరు చదివితే తప్ప తెలియదు. చక్రాల మధ్య వెడల్పు పెంచామని పాంటియాక్ అదే ఏడాది 'వైడ్ ట్రాక్' పేరుతో ఊరూవాడా ప్రచారం చేసుకుంది. మీ పాంటియాక్ ఇరుసు తక్కిన నాలుగింటికీ ఉన్నదే.

పెట్టెలోని కరపత్రం అయిదు కార్లకూ ఒకే వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను ఉండేదని కూడా చెబుతోంది. పాంటియాక్ ఇంజను పరిమాణం 389 ఘనపు అంగుళాలు, కాడిలాక్‌ది 390. తేడా ఒక్క ఘనపు అంగుళమే అయినా అవి రెండూ ఆయా విభాగాలు విడివిడిగా రూపొందించుకున్న ఇంజన్లు.

కాబట్టి సెట్టును మీ ఖర్చుతో వెనక్కి తీసుకొని పూర్తి సొమ్ము చెల్లించాలనీ, వేర్వేరు అచ్చులు, అసలు కొలతలు అన్న మాటలను పెట్టె మీద నుంచి తొలగించాలనీ కోరుతున్నాను. బదులుగా మరో సెట్టు పంపుతామంటే అంగీకరించను, అదీ ఇదే అచ్చులోంచి వచ్చినదే కదా. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. రసీదు నకలు, పెట్టె ఫొటోలు, కొలతల పట్టిక దీనితో జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
హైదరాబాద్