820 గ్రాముల పట్టు

బరంపురం,
ఆదివారం రాత్రి.

చి. చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మామ్మ నీకు జంతికలు పంపమంది, అమ్మ డబ్బాకి ఎత్తుతోంది.

నేత కాలేజీ నుంచి వచ్చిన నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "ఇక్కడి పిల్లల చేతుల్లో ఏదో ఉంది నాన్నా, నేను ఉత్త మామూలుదాన్ని" అన్నావు. ఉంది, నిజమే. అదేమిటో మాత్రం నువ్వు సరిగ్గా చూడలేదు. బరగఢ్ వైపు వాళ్ళది బంధ పని. నూలుకి ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. ముడి వదులైతే రంగు లోపలికి పాకి బొమ్మ అంచు చెదిరిపోతుంది. మగ్గం మీద కూర్చున్నాక దాన్ని బాగుచేసే దారి లేదు. అందుకే ఆ పిల్లలకి చిన్నప్పటి నుంచీ భయం ముడి దగ్గరే ఉంటుంది, చీర దగ్గర కాదు. తప్పుని ఒక మెట్టు ముందు పట్టుకోవడం వాళ్ళకి అలవాటైపోయింది. నువ్వు చెయ్యి అనుకుంటున్నది ఆ అలవాటునే.

మన పట్టు పనిలో ఆ మెట్టు కంటికి కనబడదు. అదే చిక్కు.

పట్టు ఉడకబెట్టడం దగ్గర మొదలెట్టు. పచ్చి పట్టులో రకాన్ని బట్టి 20 నుంచి 30 శాతం జిగురే. కిలో పట్టుకి 30 లీటర్ల నీళ్ళు, 200 గ్రాముల సబ్బు, 30 గ్రాముల సోడా పెట్టుకో. నీళ్ళు చప్పనివై ఉండాలి. ఉప్పు బోరునీళ్ళలో సబ్బు విరిగి, తెల్లటి తెట్టు కట్టి, పోగుకే అంటుకుంటుంది. కాగు మసలకూడదు, మసిలితే చిలపలు, అంటే పోగుల కట్టలు, చిక్కుపడతాయి. 90, 95 డిగ్రీల దగ్గర గంటసేపు నిలపాలి, చిలపల్ని కర్రల మీద తిప్పుతూనే ఉండాలి. లేకపోతే కర్రకి ఆనిన చోట జిగురు ఉండిపోతుంది. దించగానే చన్నీళ్ళలో వేశావా, కరిగిన జిగురు మళ్ళీ పోగు మీదే పేరుకుంటుంది. ముందు వేణ్ణీళ్ళు, తర్వాత గోరువెచ్చనివి, ఆఖర్న చన్నీళ్ళు.

ఇదంతా మీ కాలేజీలో చెప్పే ఉంటారు. తర్వాతి సంగతి చూడు. ఉడికిన పట్టు ఆరాక మామూలు పనివాడు దాన్ని చూసి "తెల్లబడింది, మెత్తబడింది, చాల్లే" అంటాడు. మంచి పనివాడు దాన్ని తూకం వేస్తాడు. కిలో పచ్చి పట్టు ఉడికాక ఆ లాటుకి లెక్క 750 రావలసి ఉండగా 820 గ్రాములు తూగితే, కళ్ళకి ఎంత తెల్లగా కనబడినా లోపల జిగురుంది. రంగు వేసేటప్పుడు అది కూడా కనబడకపోవచ్చు. కోక నేశాక, మడత విప్పి వెలుతురికి పట్టినప్పుడు, మచ్చమచ్చలుగా బయటపడుతుంది. అప్పటికి వారం రోజుల పని పోయింది. తూకం దగ్గర పట్టుకుని ఉంటే ఇంకో అరగంట ఉడకబెట్టడంతో తీరేది.

ఒక జాగ్రత్త ఉంది. పట్టు తన బరువులో పదో వంతుకి పైగా తేమ పట్టుకుంటుంది. వానాకాలం తూకమూ వేసవి తూకమూ ఒకటి కావు. అందుకని కొత్త లాటు వచ్చిన ప్రతిసారీ చిన్న చిలప ఒకటి విడిగా తూచి, ఉడికించి, ముందూ వెనకా ఒకే గదిలో ఒకేలా ఆరబెట్టి, మళ్ళీ తూచి నోటు పుస్తకంలో రాసుకో. మిగతా లాటుకి అదే కొలబద్ద. నూనె మరకలున్న పుస్తకమైతే మరీ మంచిది, దాన్ని వాడుతున్నట్టు గుర్తు.

రంగు సంగతి నీకు తెలిసిందే, పొడిని ముద్ద చేసి గుడ్డలో వడకట్టాలనీ, తడిపిన చిలపనే ముంచాలనీ. కాగు వేడిని నెమ్మదిగా పెంచు, ఆసిడ్ ఒక్కసారి కుమ్మరించకు. అంతే.

అచ్చు అతకడం, అంటే మగ్గం మీది పాత పడుగుకి కొత్త పడుగు కలపడం, దాని దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. అంగుళానికి 100 పోగులు, 46 అంగుళాల వెడల్పు పన్నా అనుకో. 4600 పోగుల్ని ఒక్కొక్కటీ పాతదానికి పురిపెట్టి అతకాలి. పోగుల్ని విడివిడిగా పట్టి ఉంచే దువ్వెన లాంటిది, మీరు రీడు అనేదాన్ని, మేం పన్నె అంటాం. అందులో ఒక సందులో ఒక పోగు ఎక్కువ పడితే చీర పొడవునా దట్టమైన గీత, తక్కువ పడితే పల్చటి గీత. ఆరు గజాలూ అదే గీత. చాలామంది రెండు గజాలు నేశాక చూస్తారు. అప్పుడు విప్పబుద్ధి కాదు. "వాష్‌లో పోతుందిలే" అంటారు. పోదు. అతకడం అయ్యాక, నేత మొదలెట్టకముందు, నాలుగు వేళ్ళ మేర తెల్ల పేకతో నేసి, దీపం వెనక పెట్టి చూడు. పావుగంట పని. తప్పుంటే ఆ నాలుగు వేళ్ళూ కత్తిరించి పారెయ్యడమే కదా.

ఇంకోటి, దీన్ని పుస్తకాల్లో పెద్దగా రాయరు. రాత్రి మగ్గం దిగేటప్పుడు పడుగు కాస్త వదులు చెయ్యాలి, బిగువులో ఉంచేస్తే పోగు రాత్రంతా సాగుతుంది. పొద్దున్న మళ్ళీ బిగించినప్పుడు నిన్నటి బిగువు రాకపోతే అక్కడ అడ్డంగా చార పడుతుంది. భోజనం చేసొచ్చాక పేకని కొట్టే పలక దెబ్బ మారినా అంతే. అందుకే కూర్చోగానే నేయకు. వేలితో పడుగుని మీటి, నిన్నటి చప్పుడే వచ్చిందో లేదో విను.

"నాకు అంత వేగం లేదు" అని కూడా రాశావు. వేగానికి మరమగ్గాలున్నాయి, సూరత్ నిండా ఉన్నాయి. వదిలెయ్.

మన పక్కన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో బడిపంతులుగా చేరారు. అక్కడి కొండల్లోని సవరలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలనుకున్నారు. ముందు ఆ భాష నేర్చుకోవాలి కదా, తెలుగూ సవరా వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి, చెవులు దెబ్బతీసుకున్నారు. వినికిడి పోయిన మనిషి రాసిన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. పాఠ్యపుస్తకం కంటే ముందు భాష సరిగ్గా పట్టాలి అన్నది ఆయన మెట్టు. ఆయన్ని మహానుభావుడు అంటాం. చేసిన పని మాత్రం తూకం వెయ్యడం లాంటిదే, కాకపోతే ఏళ్ళ తరబడి.

నీకు అబద్ధం చెప్పను. ఈ శ్రద్ధంతా పెట్టిన కోకకీ పెట్టనిదానికీ షావుకారు ఒకే ధర కట్టే రోజులుంటాయి. కొనేవాళ్ళకి తేడా చాలాసార్లు తెలియదు. రెండేళ్ళు కట్టాక తెలుస్తుంది, అప్పుడు మన ఊరూ పేరూ వాళ్ళకి గుర్తుండదు. దానికి నా దగ్గర జవాబు లేదు.

జంతికల డబ్బాలో అడుగున కాగితంలో చుట్టి రెండు చిలపలు పెడుతున్నాను. ఒకటి సరిగ్గా ఉడికింది, ఒకటి సరిగ్గా ఉడకలేదు. రంగు రెంటికీ ఒకటే, కంటికి తేడా దొరకదు. కళ్ళు మూసుకుని రెంటినీ వేళ్ళ మధ్య రుద్ది ఏది ఏదో రాయి. తర్వాత తూచి చూసుకో, ఉడకకముందు ఒక్కోటీ 10 గ్రాములే. డబ్బా మూత గట్టిది, గోరు విరగ్గొట్టుకోకు.

మీ నాన్న