ప్రైవేటు స్థలమైతే రూల్ ఉండదా?

సంపాదకుడు గారికి,

దివ్యాంగులకు కేటాయించిన పార్కింగ్‌లో ఎవరు పడితే వాళ్లు బండ్లు పెట్టేస్తుంటే అడిగే దిక్కు లేదు. రోడ్డు మీదైతే పోలీసులకు చెప్పుకోవచ్చు. మాల్‌లోనో ఆసుపత్రిలోనో అయితే "అది ప్రైవేటు స్థలం, మాకు సంబంధం లేదు" అని పోలీసులంటారు. "జరిమానా వేసే అధికారం మాకెక్కడిది?" అని యాజమాన్యం అంటుంది.

మా అక్క వీల్‌చెయిర్ వాడుతుంది. ఆమధ్య ఒక ఆసుపత్రికి వెళ్లాం. వీల్‌చెయిర్ గుర్తున్న చోటు దొరికింది కదా అని సంతోషించాం. తిరిగొచ్చేసరికి మా కారు పక్కన ఏటవాలు గీతలు గీసిన ఖాళీలో ఎవరో కారు దూర్చారు. ఆ గీతలు ఊరికే గీసినవి కావండీ. డోరు పూర్తిగా తెరిచి, కుర్చీని సీటుకు ఆనించి, బ్రేకు వేసి, రెండు చేతుల మీద ఒంటి బరువంతా మోసుకుంటూ అక్క సీట్లోకి జరగాలి. అమెరికా ప్రమాణాల్లో ఆ ఖాళీ కనీసం 5 అడుగులు ఉండాలని రాసి ఉంది. మాకు మిగిలింది జానెడు. కారు బయటికి తీసి, దారికి అడ్డంగా ఆపి ఎక్కించాను. వెనక ఒకటే హారన్లు. అక్క తనే కారు నడుపుకుంటూ ఒంటరిగా వచ్చుంటే ఆ కారు ఓనరు వచ్చేదాకా ఎండలో కూర్చోవాల్సిందే. సెక్యూరిటీ అబ్బాయిని అడిగితే "మేం చెప్తే తిడతారు సార్" అన్నాడు. పాపం, అతన్ని అని లాభం లేదు.

ప్రజలకు సేవలందించే ప్రైవేటు సంస్థలు కూడా దివ్యాంగులకు అందుబాటుగా ఉండేలా ప్రభుత్వాలే చూడాలని 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 9వ అధికరణంలో ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో, సరైన బోర్డు ఉంటే, ప్రైవేటు పార్కింగ్‌లోనూ పోలీసులు జరిమానా రాయొచ్చు. బ్రిటన్‌లో దివ్యాంగులకు పార్కింగ్ పర్మిట్ ఇచ్చే బ్లూ బ్యాడ్జ్ పథకం ప్రైవేటు పార్కింగులకు వర్తించదు, అక్కడ యజమాని పెట్టిన షరతులే నడుస్తాయి. నన్నడిగితే మొదటి పద్ధతే మేలు. వచ్చిన కస్టమర్‌ని ఏ యజమానీ నొప్పించుకోడు.

ఒక్క మాట. మనిషి నడుస్తున్నాడు కదా అని నిలదీయకూడదు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు పైకి కనిపించవు. అద్దం మీద దివ్యాంగుల పార్కింగ్ పర్మిట్ ఉందో లేదో చూస్తే చాలు.

అందరూ వచ్చిపోయే ప్రైవేటు పార్కింగుల్లో జరిమానా వేసే అధికారం పోలీసులకు చట్టంలోనే స్పష్టంగా రాయాలి. గీతలు చెరిగిపోయినా, అక్కడ ట్రాలీలు పేర్చినా యజమానిని బాధ్యుణ్ని చెయ్యాలి. గీతల మీద పెట్టిన బండికీ అంతే జరిమానా పడాలి. పక్కన ఆ జాగా లేకపోతే, బోర్డు కింద చోటు ఖాళీగా ఉన్నా అక్కకి అది ఖాళీ కాదు.

– ఒక పాఠకుడు