ఒక్క డీఎన్ఏతోనే కొత్త జాతి తేలదు

ఎడిటర్ గారికి,

కొత్త పురుగు దొరికిందన్న వార్త పేపర్లో కనిపిస్తే నేను ముందు వెతికేది, అది కొత్తదని ఎలా తేల్చారన్నదే. చాలాసార్లు ‘డీఎన్ఏ పరీక్షలో తేలింది’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తున్నారు. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను, మా పిల్లలు కూడా అదే నిజమనుకుంటున్నారు, అందుకే ఈ ఉత్తరం.

క్రేన్ ఫ్లైనే తీసుకోండి. వానాకాలం రాత్రి ట్యూబ్‌లైటు పక్కన గోడకి పొడుగు కాళ్లతో వేలాడుతుంటే పెద్ద దోమ అనుకుని చీపురు తీస్తాం గానీ, పాపం అది కుట్టదు, రక్తం తాగదు. మొన్న ఒకదాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూపించాను. వీపు మీద ఇంగ్లిష్ ‘వి’ అక్షరంలాంటి గీత, రెక్కల వెనక గుండుసూదుల్లా రెండు హాల్టీర్లు (ఎగిరేటప్పుడు తూకం నిలిపేవి), రెక్కల నిండా ఈనెలు. పట్టకారు తగలగానే ఒక కాలు ఊడి వచ్చేసింది. అయ్యో సార్ అంది ఒకమ్మాయి. వీటి కాళ్లు అంత తేలిగ్గా ఊడతాయి, అయినా డీఎన్ఏకి ఆ ఒక్క కాలు చాలమ్మా, మిగతా ఒళ్లంతా నమూనాగా దాచుకోవచ్చు అన్నాను.

ఆ కాలు నుంచి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో సుమారు 650 డీఎన్ఏ అక్షరాల ముక్క చదువుతారు. కెనడాలో పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన డీఎన్ఏ బార్‌కోడ్ ఇదే. అది ఇప్పటిదాకా చదివిన బార్‌కోడ్‌ల డేటాబేస్‌లో దేనితోనూ కలవకపోతే కొత్త జాతి దొరికేసినట్టేనా? కాదు. పేరు పెట్టిన క్రేన్ ఫ్లైలు 15 వేలకు పైనే ఉన్నాయి, వాటిలో 11 వేలకు పైగా అమెరికాకు చెందిన చార్లెస్ అలెగ్జాండర్ ఒక్కరే వర్ణించారు, మన దేశంవి కూడా అందులో బోలెడు, ఆయన పోయింది 1981లో, అప్పటికి ఈ బార్‌కోడ్ ఊసే లేదు. డేటాబేస్‌లో లేని పురుగు ఆయన కాగితాల్లో ఎప్పటినుంచో ఉండొచ్చు. ఆ కాగితాల్లో ఉండేది ఒంటి వర్ణన, రెక్క ఈనెలు, మగ పురుగు జననాంగాల ఆకారం. అందుకని పొట్ట చివరి భాగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, కండ కరిగిపోయాక మిగిలిన గట్టి భాగాల్ని గ్లిజరిన్‌లో అటూ ఇటూ తిప్పుతూ కొక్కెం ఎటు వంగింది, వెంట్రుకలు ఎక్కడున్నాయి అని చూసుకోవాల్సిందే. గంటలు పడుతుంది, మెడ పట్టేస్తుంది.

అలాగని ఒళ్లు చూస్తే చాలదు. ఆడవాటిని చాలాసార్లు ఏ జాతివో చెప్పలేం. బురదలోనో కుళ్లిన మొద్దులోనో బతికే పిల్ల పురుగుకైతే తల్లిదండ్రుల పోలికే ఉండదు. అక్కడ డీఎన్ఏ పోల్చి చూస్తే ఇది ఫలానా మగదాని జాతే అని తెలుస్తుంది. అచ్చం ఒకేలా కనిపించే రెండు జాతుల్ని విడదీయాలన్నా అదే ఆసరా.

కాబట్టి ఇలాంటి వార్త వేసినప్పుడు ఒంట్లో ఏ భాగం తేడాగా ఉంది, పేరుకి ఆధారమైన నమూనా ఏ మ్యూజియంలో దాచారు, ఈ రెండూ కూడా రాయండి. వీలైతే రెక్క ఫొటో కాస్త పెద్దదిగా వేయండి, కత్తిరించి మా ల్యాబ్ గోడకి అంటిస్తాం.

ఇట్లు,
ఒక జువాలజీ లెక్చరర్